హరికేను లేని సంవత్సరము

మన బంగాళాఖాతమున తుపాను అనబడు సుడిగాలియే అట్లాంటిక్ మహాసముద్రమున హరికేను అను పేర ప్రసిద్ధమైనది. గాలి వేగము గంటకు 119 కిలోమీటర్లకు చేరినప్పుడే అక్కడ ఆ పేరు చెల్లును. జూన్ మొదలు నవంబరు వరకు ఆ తీరవాసులకు అది భయకాలము. అట్టి సముద్రముపై 1914లో ఒక్క హరికేనైనను పుట్టినట్లు లెక్కలలో లేదు.

ఆ యేడు నమోదైనది అంతకు తక్కువ బలముగల తుపాను ఒక్కటే. సెప్టెంబరు నడుమ బహామా దీవుల చెంత పుట్టి, ఫ్లారిడా, జార్జియా రాష్ట్రముల సరిహద్దు ప్రాంతమున తీరము దాటి, పడమరగా సాగి కొలది దినములలో అణగిపోయెను. 1851 మొదలుకొని ఉన్న అట్లాంటిక్ తుపానుల పట్టికలో ఇంత తక్కువ సంఖ్య మరే సంవత్సరమునకును లేదు.

ఇట్లేల జరుగును? తుపాను పెరుగుటకు వెచ్చని సముద్రజలము, తేమగల గాలి మాత్రమే చాలవు. క్రిందను పైనను గాలులు ఇంచుమించు ఒకే తీరున వీచవలెను. సముద్రమట్టమున ఒక దిక్కునకు, ఆకాశమున ఎత్తుగా వేరొక దిక్కునకు గాలి బలముగా వీచినచో సుడి నిలదొక్కుకొనలేక చెదరిపోవును. పసిఫిక్ జలములు వేడెక్కు ఎల్‌నినో సంవత్సరములలో అట్లాంటిక్‌పై ఇట్టి గాలుల వైరము హెచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అయినను పట్టికలో కానరానిదెల్ల సముద్రమున జరుగలేదని మనము తలంపరాదు. విమానములలో హరికేనులను పరిశీలించుట 1943లోను, వాతావరణ ఉపగ్రహముల ప్రయోగము 1960లోను మొదలయినవి. 1914లో నడిసముద్రపు తుపానుకు సాక్షి దారిన పోవు ఓడయే. ఓడలలో రేడియో సాధనములు అప్పుడప్పుడే అమరుచుండెను. ఓడ పోని చోట వీచిన గాలి లెక్కకెక్కకపోయి ఉండవచ్చును.

ఆ ప్రశాంతత మరుసటి యేటికి అభయము కాలేదు. 1915 ఆగస్టులో టెక్సాసు తీరమందలి గాల్వెస్టన్‌పైనను, సెప్టెంబరులో న్యూ ఆర్లియన్స్ ప్రాంతముపైనను భీకరమైన హరికేనులు విరుచుకొనిపడినవి. గాల్వెస్టన్ 1900లో ఇట్టి విపత్తునకే సుమారు 8,000 మందిని పోగొట్టుకొనిన పట్టణము. ఆ దుఃఖము నేర్పిన పాఠముతో కట్టుకొనిన సముద్రపు గోడ 1915లో పట్టణమును చాలవరకు కాపాడెను. నాటి ప్రాణనష్టము 1900 నాటిదానికంటె ఎంతో స్వల్పము.

1992లోను అట్లాంటిక్‌పై తుపానులు కొద్దియే. కాని వానిలో ఆండ్రూ అను హరికేను ఒక్కటియే ఆగస్టులో దక్షిణ ఫ్లారిడాను నేలమట్టము చేసెను. కావున తీరవాసులకు ముఖ్యము తుపానుల సంఖ్య కాదు, తమ వాకిట చేరునది ఒక్కటైనను కలదా అనునదియే. దాని కొరకు గోడ కట్టుకొనవలసినది గాలి లేని దినములలోనే.