విమానాలాపి పరీక్ష పెట్టే దేశంలో ఇంగ్లీషు పంతులు

నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం దక్షిణ కొరియా ఆకాశంలో విమానం చప్పుడుండదు. 1 గంట 5 నిమిషాల నుంచి 1-40 వరకు దిగేవి దిగవు, ఎగిరేవి ఎగరవు. యుద్ధం కాదు, తుపాను కాదు. కాలేజీ ప్రవేశ పరీక్షలో పిల్లలు ఇంగ్లీషు వింటున్నారు, అంతే! 'సునుంగ్' అనే ఈ పరీక్షలో ఇంగ్లీషు పేపరు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. వాటిలో 17 విని జవాబు రాయాల్సినవి.

ఇంత పట్టింపున్న దేశంలోనూ మూడో తరగతి నుంచి పన్నెండు దాకా పదేళ్లు ఇంగ్లీషు చదివి, ఎదుటి మనిషితో నాలుగు మాటలు మాట్లాడలేని పిల్లలున్నారు. పరీక్షలో నోరు విప్పమని ఎవరూ అడగరు మరి!

మొదటి పంతుళ్లు

అక్కడ ఇంగ్లీషు బడి కథ పాతదే. 1886లో కొరియా రాజు గోజోంగ్ పెద్దింటి పిల్లల కోసం ఒక బడి పెట్టి, అమెరికా నుంచి ముగ్గురు పంతుళ్లను రప్పించాడు. వారిలో హోమర్ హల్బర్ట్ పేరు కొరియావారు నేటికీ మరచిపోలేదు. ఇంగ్లీషు చెప్పడానికి వచ్చినాయన ముందు తాను కొరియా భాష నేర్చుకున్నాడు. పండితులు చైనా లిపినే నెత్తిన పెట్టుకున్న రోజుల్లో కొరియా లిపిలో ప్రపంచ భూగోళం పుస్తకం రాశాడు. మనకు బ్రౌను దొర ఎలాగో వారికి ఈయన అలాగన్నమాట. ఆ బడి 1894లో మూతపడినా ఆయన పేరు నిలిచింది.

ఇంగ్లీషు వస్తే చాలా?

ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి నుంచి ఇంగ్లీషు పాఠం 1997లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1995లో, 'ఎపిక్' అనే పథకం కింద ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల నుంచి యువతీ యువకులను బడులకు పిలిపించారు. వీరికి ఏదో ఒక డిగ్రీ ఉంటే వీసా వస్తుంది. వ్యవసాయం చదివినా సరే, సంగీతం చదివినా సరే. తరగతిలో పక్కన కొరియా టీచరు నిలబడి సాయం చేస్తారు.

ఇక్కడే తిరకాసు. ఇంగ్లీషు రావడం వేరు, ఇంగ్లీషు చెప్పడం వేరు. దొర నోట మాట వినడం పిల్లలకు మంచిదే, బెరుకు పోతుంది. కాని పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో, ఎందుకు తడబడుతున్నాడో పట్టుకోవాలంటే వాడి భాష తెలియాలి.

కొరియా లిపిలో 'ర'కు, 'ల'కు కలిపి ఒకటే అక్షరం. అందుకని పిల్లవాడు 'రైస్' అనబోయి 'లైస్' అంటాడు. అన్నం కాస్తా పేలు అయిపోతుంది! వంద సార్లు 'రైస్, రైస్' అనిపించే టీచరున్నారు. తెలివైన టీచరు అలా చెయ్యరు. కొరియాలో దేశాన్ని 'నారా' అంటారు, నీళ్లను 'ముల్' అంటారు. రాసేది ఒకే అక్షరం, కాని మొదటి మాటలో పలికేది మన 'ర'కు దగ్గర, రెండో దానిలో 'ల'. "రెండూ నీ నోట్లోనే ఉన్నాయి, చూడు" అని పిల్లవాడి సొంత మాటలతోనే చూపిస్తే సగం భయం తీరిపోతుంది.

'ఫ' అనే ఇంగ్లీషు ధ్వని కూడా వారికి లేదు. కాఫీని 'కొపి' అంటారు. ఇంగ్లీషు మాటల్లో కొన్ని హల్లులు వారి నోట ఆగవు, వాటికి అచ్చు తగిలిస్తారు. 'స్ట్రైక్' అన్న ఒక్క ముక్క 'సు-తు-రా-ఇ-కు' అని అయిదు ముక్కలవుతుంది. బస్సును 'బస్', రోడ్డును 'రోడ్' అనని మనం దీనికి నవ్వనక్కర్లేదు. వాక్యం సంగతీ అంతే. నేను అన్నం తిన్నాను అని మనం ఏ వరసలో అంటామో కొరియావారూ అదే వరసలో అంటారు, క్రియ చివరే. ఇంగ్లీషులో అది మధ్యకు దూకుతుంది. ఆ దూకుడు ఎక్కడ జరుగుతుందో ఓపికగా చూపించేది మంచి టీచరే.

డబ్బున్నవారి దారి

బడిలో అలాంటి టీచరు దొరకనప్పుడు తల్లిదండ్రులు 'హాగ్వాన్' అనే ట్యూషను కేంద్రాల దారి పడతారు. 2023లో కొరియా తల్లిదండ్రులు ట్యూషన్లకు పోసిన సొమ్ము 27 లక్షల కోట్ల వాన్లు. మన లెక్కలో లక్షన్నర కోట్ల రూపాయల పైమాటే! నూటికి 78 మంది పిల్లలు ఏదో ఒక ట్యూషనుకు వెళ్లారు. రాత్రి 10 తర్వాత కేంద్రాలు నడపరాదని సియోల్ నగరంలో నిబంధనే పెట్టాల్సి వచ్చింది.

మరి పల్లెటూరి పిల్లవాడి సంగతి? సముద్రం మధ్య దీవిలో, కొండ పక్క ఊళ్లో హాగ్వాన్ ఉండదు. ఉంటే గింటే బడి టీచరే వాడికి దిక్కు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలుసు. సర్కారు బడి టీచర్లను కొన్నేళ్లకోసారి బదిలీ చేస్తారు. మారుమూల బడుల్లో పనిచేస్తే ప్రమోషనుకు అదనపు మార్కులు కలుపుతారు. ఆ మార్కుల కోసమే వచ్చి రోజులు లెక్కబెట్టేవారు ఉండరని చెప్పలేం గాని, పోటీ పరీక్ష నెగ్గిన టీచరు దీవికి కూడా చేరడం చిన్న మేలు కాదు. విదేశీ టీచరయితే ఒక్కరే రెండు మూడు పల్లె బడులకు తిరగాల్సి వస్తుంది. వారానికోసారి వచ్చి పోయే మనిషి ఏ పిల్లవాడి తప్పని గుర్తు పెట్టుకోగలడు?

మన దేశానికీ ఇందులో ఒక వాకిలి తెరిచారు. 2010 జనవరి 1 నుంచి అమలైన భారత, కొరియా వాణిజ్య ఒప్పందంలో భారతీయులను సహాయ ఇంగ్లీషు టీచర్లుగా తీసుకునే ఏర్పాటుంది. దొర దేశాల వారిని ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదన్న కొరియా, మనవారిని మాత్రం ఇంగ్లీషు డిగ్రీతోపాటు టీచరు యోగ్యతా పత్రం కూడా తెమ్మంది. ఇందులో అన్యాయమున్నా, ఒక రకంగా సరైన ప్రశ్న మనల్నే అడిగినట్టయింది.

2025 మార్చిలో కొరియా మరో ప్రయత్నం చేసింది. పిల్లవాడి స్థాయిని బట్టి పాఠం మార్చే కృత్రిమ మేధ పాఠ్యపుస్తకాలను ఇంగ్లీషుకు, లెక్కలకు తెచ్చింది. టీచర్లు, తల్లిదండ్రులు గొడవ చేశారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు వాటికి పాఠ్యపుస్తకం హోదా తీసేసి అదనపు సామగ్రిగా మార్చింది. వాడుకోవాలా, బీరువాలో పెట్టాలా అన్నది ఇక బడి ఇష్టం.