ఆమె కంచంల కోత పెట్టి చేసేది పొదుపు కాదు

పెండ్లికి అప్పు జేసి మరీ లక్షలు పెడ్తం. బరాత్, డీజే, ప్రీ వెడ్డింగ్ షూట్, అన్నీ ఉండాలె. పెండ్లయిన ఆర్నెల్లకు ఆలుమొగలు కల్సి ఒక్కపూట యాడికన్న పోయొద్దామంటె మాత్రం "పైసలేడియి?" అనే మాట ముందుగాల వస్తది. షూట్ కోసం చెరువు కట్ట మీద చేతులు పట్టుకోని నడిచిన జంటనే, పెండ్లయినంక అదే కట్ట మీద నడుస్తె ఊరు నవ్వుతదని భయపడ్తది.

ఇంకో దిక్కు వంటిల్లు. వచ్చిన పైసలు నెల సగంల ఒడుస్తయి. కూలి దొరకని దినాలు ఉండనే ఉంటయి. గప్పుడు ఇంట్ల పొదుపు మొదలైతది. యాడ మొదలైతది? ఇంటాయన సిగరెట్ పెట్టె కాడ మొదలుకాదు, ఇంటామె కంచం కాడ మొదలైతది. ఉన్న రెండు గుడ్లు మొగనికి, పిల్లగానికి పోతయి. ఆమెకు చారు, అడుగంటిన బువ్వ మిగుల్తది. దీన్నే మనం "సంసారం గుట్టుగ నడుపుతది" అని మెచ్చుకుంటం.

తమ్మీ, చెల్లె, ఈ రెండు ముచ్చట్లకు సంబంధం ఉన్నది. తక్కువ పైసలతోని మంచిగ తినుడు, నెలకోపాలి కల్సి తిరిగొచ్చుడు, రెండూ ఒక్క లెక్కలకే వస్తయి. ఆ లెక్క ఇద్దరు కూసోని రాస్తె రెండూ ఐతయి. ఒక్కరి నెత్తిన వేస్తె రెండూ కావు. ఎట్లనో చూద్దాం.

బియ్యం బాధ చాలా మట్టుకు తీరింది, మిగిలింది కూర బాధ

హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. మనిషి రోజుకు ఏం తినాలె, ఎంత తినాలె అని 2024ల కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2000 క్యాలరీల లెక్కన ఒక మనిషికి రోజుకు బియ్యం, జొన్నల లాంటి గింజలు 250 గ్రాములు, పప్పులు గానీ గుడ్డు, మాంసం గానీ 85 గ్రాములు, ఆకుకూరలతోని కలిపి కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. పాలు, పండ్లు, పల్లీలు వీటికి అదనం. కాయకష్టం చేసేటోళ్లకు ఇంకింత ఎక్కువే గావాలె.

ఇగ మన ఇంటి లెక్క చూడుండ్రి. తెలంగాణల 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి. ఇద్దరికి 12 కిలోలు. నెలకు 30 దినాలు అనుకుంటె ఒక్కొక్కరికి రోజుకు 200 గ్రాములు. 250 గ్రాములల్ల 200 గ్రాములు వచ్చినట్టే. అంటె ఐదు పాళ్లల్ల నాలుగు పాళ్లు తీరినయి. మిగిలిన పాలుకు జొన్నలో, మక్కలో, గోధుమ పిండో కొంటె సరిపోతది.

ఇక్కడ ఒక్క మాట. ఈ లెక్క నిలవడాలంటె కార్డుల ఇద్దరి పేర్లూ ఉండాలె. పెండ్లయి ఏండ్లు దాటినా చానామంది ఆడపిల్లల పేరు తల్లిగారి కార్డులనే ఉంటది, లేకపోతె యాడా ఉండదు. పుట్టింటి కార్డుల పేరు తీసేయిచ్చి, అత్తగారింటి కార్డుల ఎక్కియ్యనీకి మీసేవల దరఖాస్తు పెట్టాలె. బద్ధకం చేస్తె నెలనెలా 6 కిలోలు పోయినట్టే.

ఇప్పుడు పప్పు లెక్క. 85 గ్రాములు, ఇద్దరికి, 30 దినాలు. 5 కిలోల 100 గ్రాములు ఐతది. మీ ఇంట్ల నెలకు ఎన్ని కిలోల పప్పు కొంటున్నరు? ఎన్ని గుడ్లు తెస్తున్నరు? ఒకపాలి దుకాణం చీటి తీసి చూడుండ్రి. చాలా ఇండ్లల్ల బువ్వ కుప్పగ ఉంటది, పప్పు నీళ్లోలె ఉంటది. కడుపు నిండినట్టే అనిపిస్తది, ఒంట్ల బలం ఉండదు. బియ్యం మీద మిగిలిన పైస పప్పు, గుడ్డు, ఆకుకూర మీదికి మళ్లియ్యాలె. తక్కువ పైసల వంట అంటె నేను చెప్పే మొదటి సూత్రం గిదే.

ఒక్కటే కుండ, రెండు రకాల రక్తం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల తెలంగాణల 57.6 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌ల 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. దేశం మొత్తం తీసుకుంటె ఆడోళ్లల్ల 57 శాతం, అదే వయసు మొగోళ్లల్ల 25 శాతం. ఒక్కటే ఇల్లు, ఒక్కటే కుండ, ఇంత తేడా ఎందుకు?

నెలసరిల, కాన్పుల రక్తం పోతది, అదొక కారణం. అందుకనే ఆమెకు ఇనుము ఉన్న తిండి మొగోనికంటె ఎక్కువ గావాలె. మనం ఏం జేస్తున్నం? ఎక్కువ గావాల్సిన మనిషికి ఆఖర్ల పెడ్తున్నం, తక్కువ పెడ్తున్నం. "నాకు గుడ్డు పడది", "నాకు ఆకలి లేదు" అని ఆమె అంటె నమ్మి లేస్తున్నం.

దీనికి పైసా ఖర్సు లేని మందు ఒకటున్నది. ఇద్దరూ ఒక్కపాలి కూసోని తినాలె. కూర దించంగనే రెండు కంచాలల్ల సమానంగ ఏసుకోవాలె. గుడ్లు నాలుగుంటె రెండు రెండు. అత్తమామలు, పిల్లలు ఉంటె అందరి కంచాలు ఒక్కపాలి పెట్టాలె. ఎవ్వరూ ఆఖర్ల మిగిలింది తినే మనిషి కావద్దు. ఇంకో రెండు ముచ్చట్లు: తిన్నంక ఎంబడే చాయ్ తాగితె తిండిల ఉన్న ఇనుము ఒంటికి సరిగ పట్టది, గంటసేపు ఆగాలె. ఆకుకూర మీద, పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటె మంచిగ పడ్తది.

మన వంటలల్లనే పొదుపు ఉన్నది

రీల్స్‌ల చూపించే పనీరు, చీజ్, మయోనైజ్ లేకపోతె వంట కాదనుకోకుండ్రి. మన అవ్వలు కరువుల బతికి నేర్సుకున్న వంటలే గిప్పుడు మనకు అక్కరకొస్తయి.

పచ్చిపులుసు తీసుకోండ్రి. చింతపండు నానేసి పిసికి, సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, ఉప్పు, కొత్తిమీర, ఇంత నువ్వుల పొడి ఏస్తె ఐపాయె. మిరపకాయ కాల్చుడు, పోపు తప్ప గ్యాస్‌తోని పనే లేదు. కాకపోతె ఉత్త పచ్చిపులుసుతోని పూట ఎల్లదీయొద్దు, పక్కన ముద్దపప్పో, గుడ్డో ఉండాలె.

పుంటికూర పప్పు, గంగవాయిల కూర పప్పు, మునగాకు పప్పు. ఆకు మారుతది, కుండ ఒక్కటే. ఇంటెనుక ఇంత జాగ ఉంటె ఒక మునగ చెట్టు, ఒక కల్యామాకు చెట్టు, రెండు మళ్ల పుంటికూర. కందిపప్పు ధర పెరిగిన నెలల పెసర్లు, శనగలు, బబ్బెర్లు, ఉలువలు తిప్పి తిప్పి వాడుకోవాలె. రాత్రి నానబెట్టిన బబ్బెర్లు పొద్దున ఉడికేసి ఉల్లిగడ్డతోని పోపు పెడితె గుడాలు. బేకరీ పఫ్‌ల కంటె కడుపుకు నయం, జేబుకూ నయం.

పప్పులు, శనగలు ముందుగాల నానబెడితె తొందరగ ఉడుకుతయి. కుక్కర్‌ల ఉడికియ్యుండ్రి, లేకుంటె గిన్నె మీద మూత పెట్టుండ్రి. కుక్కర్ కూత పెట్టినంక మంట తగ్గియ్యాలె. పల్లి పొడి, నువ్వుల పొడి ఆదివారం నాడు కొట్టిపెట్టుకుంటె వారమంత కూర లేని పూటకు ఆసరా. వారం కూరగాయలు అంగడిల కొంటె, అదీ పొద్దుమీకినంక పోతె, బేరం మంచిగ కుదురుతది. ఏ కాలంల ఏది కుప్పలు పోసి అమ్ముతున్నరో అదే ఆ వారం కూర.

పైసలు కారే బొక్క యాడున్నది?

నెల రోజులు ఒక్క పని చేయుండ్రి. ఇద్దరూ రోజు పెట్టిన చిల్లర ఖర్సు ఒక నోట్‌బుక్‌ల రాయుండ్రి. చాయ్, మిర్చీలు, కూల్ డ్రింక్, గుట్కా, సిగరెట్, ఆన్‌లైన్ గేమ్, ఏదీ దాసొద్దు. రోజుకు 40 రూపాయలు గిట్ల పోతున్నయనుకో, నెలకు 1200. అన్నీ బంద్ పెట్టమని అంటలేను. మనిషన్నంక నలుగురితోని ఒక చాయ్ తాగాలె. అందుల సగం, 20 రూపాయలు, పక్కకు తీస్తె నెలకు 600. ఆ 600ను రెండు పాళ్లు చేయుండ్రి: 300 గుడ్లకు, పప్పుకు. 300 ఇద్దరు కల్సి బయటికి పోనీకి. ఆ డబ్బ మీద ఇద్దరి పేర్లు రాయుండ్రి. అండ్ల నుంచి ఒక్కరే తీసుడు ఉండద్దు.

వంట ఆమె పని అని ఎవరు రాసిచ్చిండ్రు?

ఇంట్ల వండుకునుడు చౌక అని అందరం అంటం. ఎందుకు చౌకనో ఆలోచన చేసిండ్రా? వండే మనిషికి కూలి కట్టియ్యం గనుక. కేంద్ర ప్రభుత్వం 2024 సంవత్సరానికి చేసిన టైమ్ యూజ్ సర్వేల ఇంటి పని చేసే ఆడోళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడ్తున్నరని తేలింది. అంటె ఐదు గంటలకు కొంచెం తక్కువ. ఇంటి పని చేసే మొగోళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఈ 88 అనేది ఏదో ఒక పని ముట్టుకున్న మొగోళ్ల లెక్క. అసలే ముట్టుకోని మొగోళ్లు అంతకంటె చానామంది, వాళ్లు ఈ సగటుల లేనే లేరు.

"నాకు వంట రాదు" అనే తమ్ముళ్లకు ఒక్క ప్రశ్న. హోటళ్లల్ల వంట మాస్టర్లు ఎవరు? పెండ్లిల గాడిపొయ్యి కాడ నిలవడి ఐదొందల మందికి వండేటోళ్లు ఎవరు? ఎక్కువ మంది మొగోళ్లే గదా. పైసలొచ్చే కాడ చేతనైన పని, ఇంట్ల ఎట్ల చేతగాకుంట పోతది? వారానికి మూడు పూటలు నీవి అని ముందే రాసుకో. ఆ పూటల కూర తరుగుడు నుంచి గిన్నెలు తోముడు దాక నీదే. "మా ఆమెకు సాయం జేస్తున్న" అని చెప్పుకోకు. నువ్వు తినే బువ్వ నువ్వు వండుకుంటె అది సాయమెట్లైతది?

ఆమెకు ఆ మూడు పూటలు ఖాళీ దొరికితెనే, కల్సి బయటికి పోవుడు నిజంగ సెలవైతది. లేకపోతె పోయే ముందు నాలుగు గంటలకు లేసి వండాలె, వచ్చినంక గిన్నెలు తోమాలె. గట్లాంటి షికారు మొగోనికే షికారు, ఆమెకు డబుల్ డ్యూటీ.

ఒక్క టికెట్‌తోని ఇద్దరు

తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపెట్టి జీరో టికెట్ తీసుకుంటె సాలు. ఆంధ్రల 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతోని ఇట్లాంటిదే మొదలైంది. అంటె మీ ఇద్దరి దారి ఖర్సు ఇప్పుడు ఒక్క టికెటే.

"ఫ్రీ బస్సని ఆడోళ్లు ఊకె తిరుగుతున్రు" అని జోకులు, మీమ్స్ వస్తయి. తిరిగితె ఏమైతది? మొగోడు తిరిగితె లోకజ్ఞానం, ఆడామె తిరిగితె ఖాళీతనమా? పొలం, పొయ్యి, పిల్లలు తప్ప ఇంకోటి చూడని మనిషి ఒక పూట కిటికీ పక్కన కూసోని చెట్లు చూసుకుంట పోతె, అది ఆమె హక్కు.

యాడికి పోవాలె? దూరం అక్కర్లేదు. పాలమూరు దిక్కోళ్లకు పిల్లలమర్రి ఉన్నది, ఎకరాల మీద ఊడలు దిగిన ఒక్కటే చెట్టు. కరీంనగర్ దిక్కు ఎలగందుల ఖిల్లా, మానేరు డ్యాం. మెదక్‌ల 1924ల పూర్తయిన పెద్ద చర్చి. వరంగల్ దిక్కు వేయి స్తంభాల గుడి, ఖిల్లా వరంగల్. ములుగు జిల్లా పాలంపేటల రామప్ప గుడి ఉన్నది. 1213ల రేచర్ల రుద్రుడు కట్టిచ్చిండు, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. హన్మకొండ నుంచి ములుగు దాక ఆర్టీసీ బస్సు, ఆడికెళ్లి బస్సో, ఆటోనో. గుడి చూసి, పక్కనున్న రామప్ప చెరువు కట్ట మీద కూసోని తినిరావచ్చు. పోంగనే కండక్టర్‌ను మర్లొచ్చే ఆఖరి బస్సు ఎన్ని గంటలకో అడిగి పెట్టుకోండ్రి.

తిండి ఇంటి నుంచే. దానికి సర్వపిండిని మించింది లేదు. బియ్యం పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం, కల్యామాకు కలిపి, నూనె రాసిన గిన్నెకు ఒత్తి, వేలుతోని బొక్కలు పెట్టి, మూతేసి సన్న మంట మీద కాల్చుడే. పొద్దుమీకే దాక పాడుగాదు. దాంతోని ఉడికిన గుడ్లు, ఒక సీసా మంచినీళ్లు. యాడికీ పోలేని నెల ఉంటె పొద్దుమీకి ఊరి చెరువు కట్ట దాక పోయి రండ్రి. ఫోన్లు జేబుల పెట్టి గంటసేపు ముచ్చట పెట్టుకోండ్రి.

ఊరు నవ్వుతది గదా అంటె

నవ్వనీయుండ్రి. అత్తమామలకు దొంగతనంగ చెప్పకుంట పోవద్దు, అడుక్కున్నట్టు కూడా పోవద్దు. "అమ్మా, ఆదివారం మేమిద్దరం రామప్పకు పోయొస్తం, కూర వండి పెట్టినం" అని కొడుకే సీదా చెప్పాలె. ఆ మాట కోడలి నోటి మీద పెట్టి పక్కకు తప్పుకుంటె మాటలు పడేది ఆమెనే. ఇంకో నెల అమ్మానాయినను కూడా తీస్కపోండ్రి. అత్తకూ జీరో టికెట్ ఉన్నది, ఆమె కూడా ఎన్నేండ్ల సంది గడప దాటలేదో అడిగి చూడుండ్రి.

మా తరంల చానామంది ఆడోళ్లు మొగనితోని బస్సెక్కింది దవాఖానకో, చావుకో, పెండ్లికో. ఉత్తగ ముచ్చట పెట్టుకోనీకి పోయిన దినం అడిగితె చెప్పనీకి ఒక్కటి దొరకది. మీ తరం అట్ల కావద్దు.

ఒకటో తారీఖు నాడు ఇద్దరూ కూసోని నోట్‌బుక్‌ల మూడు ముచ్చట్లు రాయుండ్రి: ఈ నెల పప్పు, గుడ్లు ఎన్ని; ఎవరి వంట పూటలు ఏవి; పోయే తావు ఏది. ఒక నెల ఆమె రాయాలె, ఒక నెల ఆయన రాయాలె. నెలాఖరుకు తీసి సదువుకోండ్రి. ఏది తప్పిందో, ఎవరి వంతు తప్పిందో అండ్లనే కనవడ్తది.