మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు

వానాకాలం వచ్చిందంటే కొన్ని ఇళ్లల్లో గిన్నెలు వంటకి మిగలవు. కారే నీళ్లు పట్టటానికే సరిపోతాయి. ఎప్పుడో వేసిన స్లాబు. పైన నెర్రెలు పడ్డాయి. లోపల గోడ పెచ్చులు ఊడుతున్నాయి. ఇంటామె పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఆ డబ్బుతో ఇల్లు బాగు చేయించాలి. పని చెడినా సరే, కిస్తీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

మరి మేస్త్రీని ఎలా ఎంచుకోవాలి?

"ఎవరు తక్కువకి చేస్తారు?" అని చాలామంది అడుగుతారు. అది తర్వాత అడగాల్సిన మాట. ముందు, "రెండేళ్ల కిందట మీరు బాగు చేసిన ఇల్లు ఏది?" అని అడగాలి. నిన్న చేసిన పని ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. రెండు వానాకాలాలు తట్టుకుందా అన్నది చూడాలి. ఆ ఇంటికి వెళ్లి ఇంటాయన్ని కాదు, ఇంటామెను అడగాలి. కారేచోట గిన్నె పెట్టేది ఆమే కదా! పని మధ్యలో వదిలి వెళ్లాడా? ఒప్పుకున్నదానికంటే ఎక్కువ అడిగాడా? ఆమె ఉన్నదున్నట్టు చెబుతుంది.

తర్వాత ఇద్దరు ముగ్గురు మేస్త్రీలని పిలిచి ఇల్లు చూపించాలి. ఒకాయన వాకిట్లో నిలబడే రేటు చెప్పేస్తాడు. ఇంకొకాయన మిద్దె ఎక్కుతాడు. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, వాటం ఎటు ఉందో చూస్తాడు. నీళ్లు పోయే గొట్టం పూడిందేమో చూస్తాడు. లోపలికొచ్చి గోడని, పైకప్పుని సుత్తితో తట్టి చూస్తాడు. డొల్ల శబ్దం వస్తే లోపల పట్టు లేదని అర్థం. పెచ్చు ఊడిన చోట ఇనుప చువ్వ తుప్పు పట్టిందేమో చూస్తాడు. ఇది చాలా ముఖ్యం. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. తుప్పు గీకకుండా పైన సిమెంటు పూస్తే, ఆ కొత్త సిమెంటుని కూడా తోసి ఊడగొడుతుంది. మిద్దె ఎక్కి చూసిన మేస్త్రీ కొంచెం ఎక్కువ అడిగినా ఆయనే మేలు.

ఇక రేటు. కూలి ఒక్కటే గుత్తకి మాట్లాడుకోవచ్చు. సామానుతో సహా అయినా మాట్లాడుకోవచ్చు. ఒకాయన కూలి రేటు చెబితే, ఇంకొకాయన సామానుతో చెబితే, ఆ రెండిటినీ పోల్చకూడదు. సామాను ఆయనదే అయితే సిమెంటు, ఇసుక పాళ్లు కూడా అడగాలి. ఒకటికి నాలుగు అంటే ఒక తట్ట సిమెంటుకి నాలుగు తట్టల ఇసుక. సామాను మనమే కొంటే సిమెంటు బస్తా మీద రాసింది చదవాలి. బస్తా 50 కిలోలు. ఎప్పుడు తయారైందో దాని మీదే ఉంటుంది. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. గడ్డ కట్టింది అసలే పనికిరాదు.

కొలత కూడా ముందే తేల్చుకోవాలి. గోడ 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉంటే 120 చదరపు అడుగులు. అందులో తలుపు 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు. అంటే 21. అది తీసేస్తే మిగిలేది 99. డబ్బు 120కి ఇవ్వాలా, 99కి ఇవ్వాలా? పని అయ్యాక అడిగితే తగాదా వస్తుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాయాలి. "కాగితమెందుకమ్మా, నా మీద నమ్మకం లేదా?" అంటాడు మేస్త్రీ. నిజానికి ఆ కాగితం ఆయనకీ మంచిదే. "ఎలాగూ ఉన్నావు, ఆ అరుగు కూడా పూసెయ్యి" అని ఊరికే చేయించుకునే ఇళ్లు తక్కువేం కాదు.

ఏ పనులు, ఏ రేటు, ఎన్ని రోజులు అన్నది రాయాలి. బయానా సగం ఇవ్వకూడదు. పని మొదలైన రోజు కొంత, పైకప్పు అయ్యాక కొంత, గోడలయ్యాక కొంత ఇవ్వాలి. పదోవంతు ఆపుకోవాలి. కొత్త పూత ఆరకుండా పది రోజులు తడపాలి. ఆ తడిపే పని ఎవరిదో కూడా రాయాలి. రాయకపోతే అది ఇంటామె నెత్తినే పడుతుంది. మిద్దె మీద చుట్టూ చిన్న గట్టు కట్టి నీళ్లు నిలిపితే తడపటమూ అవుతుంది, కారుతుందో లేదో కూడా తెలుస్తుంది. ఆపిన డబ్బు అప్పుడు ఇచ్చేయాలి. కూలీల డబ్బు మాత్రం ఆగకూడదు. తట్టలు మోసే ఆడకూలీలకి మేస్త్రీ ఏ రోజుది ఆ రోజు ఇస్తున్నాడా అని ఒక మాట కనుక్కోవాలి.

ఇచ్చిన ప్రతి రూపాయీ నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి. పక్కన మేస్త్రీ సంతకం పెట్టించుకోవాలి. ఆయనకి చదువు రాకపోతే, వేలిముద్ర వేయించే ముందు రాసిందంతా పైకి చదివి వినిపించాలి. ఎవరూ చదివి వినిపించకుండానే తన చేత వేలిముద్ర వేయించుకున్న కాగితాలు ఇంటామెకి ఇంకా గుర్తే.