తపాలాబిళ్ళలలో రైలుబండి

నార్కట్‌పల్లి ప్రాంతపు పాత పెట్టెలలో నిజాము ప్రభుత్వపు బిళ్ళలంటిన కవర్లు నేటికిని ఒకటి రెండు దొరకవచ్చును. ఆ రాజ్యమునకు సొంత తపాలా ఉండెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1930లో ఆ రైల్వేను ప్రభుత్వమే కొనెను. అయినను 1931 నాటి బిళ్ళలపై చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహల ద్వారము కనిపించునే గాని రైలుబండి కనిపించదు. తరువాత వరంగల్లు కోట తోరణమునకును చోటు దొరకినది, రైలునకు దొరకలేదు. 1950లో ఆ తపాలా భారత తపాలాలో విలీనమైనది.

భారత తపాలావారు 1937లోనే నాలుగణాల బిళ్ళపై మెయిలు బండిని చూపిరి. అయితే అది రైలునకు చేసిన సన్మానము కాదు. ఎడ్లబండి, ఒంటె, స్టీమరు, విమానములతోపాటు టపా మోయు సాధనములలో ఒకటిగా మాత్రమే. అసలైన స్మారకచిహ్నము 1953 ఏప్రిల్ 16న వెలువడిన రెండణాల బిళ్ళ. సరిగా నూరేండ్లకు పూర్వము ఆ తేదీననే బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచినది. ఆ బిళ్ళపై 1853 నాటి ఇంజనును, 1953 నాటి ఇంజనును చూడవచ్చును. 1976 మే 15న నాలుగు ఇంజన్లతో నాలుగు బిళ్ళలు వచ్చినవి; 2002లో నూటయేబది సంవత్సరముల బిళ్ళ వచ్చినది.

బిళ్ళ విడుదలయిన దినముననే దానిని తగిన బొమ్మ గల కవరుపై అంటించి, ఆ తేదీ గల ప్రత్యేక ముద్ర వేసినచో అది తొలినాటి కవరగును. హైదరాబాదు ఆబిడ్సులోని పెద్ద తపాలాకచేరియందు ఇందులకు ప్రత్యేక విభాగము కలదు. సొమ్ము జమకట్టి ఖాతా తెరచినవారికి క్రొత్త బిళ్ళలు టపాలోనే చేరును.

మన పిల్లలు కవరును నీటిలో నానబెట్టి బిళ్ళను ఊడదీయుదురు. రైలు బిళ్ళలు సేకరించువారికి ఇంతకంటె నష్టము లేదు. బిళ్ళ వేలకొలది అచ్చగును. ఏ నాడు, ఏ ఊరినుండి బయలుదేరినదో చెప్పునది ముద్ర ఒక్కటే. నడచు బండిలో ఉత్తరములను వేరుచేసిన రైల్వే మెయిల్ సర్వీసువారికి తమదైన ముద్ర ఉండెను. ఆలస్యపు రుసుము చెల్లించి మెయిలు వ్యాను పెట్టెలో వేసిన జాబుపై అది పడెడిది. రైలు బొమ్మ లేని బిళ్ళయైనను, ఆ ముద్ర ఉన్నచో అది రైలు చరిత్రయే.

కవరును ఆల్బములో జిగురుతో అంటింపక, కాగితపు మూలలలో నిలుపవలెను. చెమ్మ తగులనీయరాదు. వెనుకవైపును తప్పక చూడవలెను. జాబు చేరిన ఊరి ముద్ర తరచు అక్కడనే ఉండును.