క్లౌన్ మత్స్యముల పరిమాణ మర్యాద

బరంపురమునందు ఉప్పునీటి తొట్టి నెలకొల్పబూనువారికి, నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు తీర్చిన క్లౌన్ మత్స్యములను అయిదారింటిని ఒక్కచోట విడిచి వాని విహారమును కన్నులార చూడవలెనను కోరిక కలుగుట సహజమే. పదిమైళ్ల దూరమున గోపాల్‌పూరు సముద్రము ఘోషించుచున్నను ఈ చేప ఆ నీటిది కాదు. నదులు తెచ్చు ఒండ్రుతో కలగి, వర్షర్తువునందు లవణాంశము తగ్గు ఆ ఇసుక తీరమున పవడపు దిబ్బలు పెరుగవు గనుక, తెలుగు మాటాడు నోలియాల వలలలో కవళ్లును కానాగంతలును పడునుగాని ఇవి పడవు. మన దేశమున వీని నెలవులు మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమానులు.

సముద్రము దూరమైననేమి, హుమ్మా కొటార్ల ఉప్పు చేరువనే కలదు గదా యని తలపవచ్చును. అయితే మడిలో నీరు ఇగురునప్పుడు గడ్డకట్టునది ముఖ్యముగా సోడియం క్లోరైడు. మెగ్నీషియము మొదలగునవి మిగిలిన చేదునీటితో వెడలిపోవును. కావున ఆ ఉప్పును కరగించినంతమాత్రమున సముద్రజలము సిద్ధింపదు. అక్వేరియముల కొరకై కూర్చిన లవణమిశ్రమమునే కొని, నీటి సాంద్రత 1.025కు దరిదాపుగ నుండునట్లు చూచుకొనవలెను.

ఇక ఈ చేపల సాంఘిక వ్యవస్థ మిక్కిలి విచిత్రము. సీ అనిమోనీ యను పుష్పాకార జంతువు కుట్టుబాహువుల నడుమ వసించు గుంపును చూచి తల్లిదండ్రులును బిడ్డలునని భ్రమపడుదుము. కాని గ్రుడ్డు వెడలిన పిల్లలు పదిదినములకు పైబడి ప్రవాహములలో కొట్టుకొనిపోయి ఎచ్చటనో నిలుచును గనుక, అచ్చట చేరినవి పరస్పరము పరాయివే. వానిలో అన్నిటికంటె పెద్దది ఆడుది, రెండవది మగది, తక్కినవి సంతానోత్పత్తికి నోచక వరుసలో వేచియుండునవి. ఆడుది మరణించినచో మగదియే క్రమముగా ఆడుదిగా మారును. వేచియున్నవానిలో పెద్దది మగదియగును. ఆడుదైనది మరల మగది కానేరదు. పరిశోధకులగు ఫ్రికె దంపతులు 1977లో ఈ లింగపరివర్తనమును వివరించిరి. అంతకంటె నాకు వింతగొలుపునది పీటర్ బస్టన్ పపువా న్యూగినీయందు పరిశీలించి 2003లో వెల్లడించిన సంగతి: ప్రతి చేపయు తనకు పైదాని పొడవులో సుమారు నూటికి 80 వంతులకు మించకుండ తన పెరుగుదలను తానే నిగ్రహించుకొనును. మించినచో పైది దానిని తరుముటయో చంపుటయో జరుగును. బయట భక్షకులు పొంచియుండ, ఆశ్రయమును వీడుటకంటె కురచయై వేచియుండుటయే దానికి లాభము.

ఇట్టి జీవులను గాజుగోడల నడుమ నిలిపినప్పుడు, తరుమబడినది పారిపోవుటకు చోటుండదు. పెద్దది దరిచేరగనే చిన్నది ఒక ప్రక్కకు ఒరిగి గజగజ వణకినచో భయపడనక్కరలేదు. అది విధేయతను తెలుపు చేష్ట. రెక్కలు చినిగి, తొట్టి పైమూలను అంటిపెట్టుకొని, మేత వేసినను రానిచో మాత్రము ప్రమాదము ఆసన్నమైనదని గ్రహింపవలెను.

అందుచేత నూరు లీటర్ల తొట్టికి ఒక్క జంట చాలునని నా అభిప్రాయము. రెండు పిల్లచేపలను కొనినను, వానిలో బలిసినది తనంత తానే ఆడుదియగును. గుంపునే కోరువారు ఒకే ఈడు, ఒకే పరిమాణము గల పిల్లలను ఒక్కదినముననే విడువవలెను; కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి మండపము శాఖ వీనిని హేచరీలో పొదిగించి పెంచు విధానమును సాధించినది గనుక, దిబ్బలనుండి పట్టిన చేపలకై ఆశపడనక్కరలేదు. అనిమోనీయు అవశ్యము కాదు; దానిని పోషించుట చేపను పోషించుటకంటె కష్టము. మరూన్ జాతిని మాత్రము జంటకు మించి ఎన్నడును ఉంచరాదు.

ఎంత జాగరూకత వహించినను, ఈడు వచ్చి జంట కుదిరిన పిమ్మట తక్కినవానిపై దాడి మొదలు కావచ్చును. అప్పుడు పెద్దదానిని తొలగింప బుద్ధిపుట్టును. తొలగించినచో రెండవది ఆ స్థానమునకెక్కి, కొన్ని వారములలో అదే ధోరణి నవలంబించును. కావున వేరు తొట్టిలోనికి మార్చవలసినది దెబ్బలు తినుచున్న చిన్నదానినే.