సైకిల్‌కు జోడు సంచులు



మా కేంద్రానికి వచ్చే అక్క ఒకామె ఉంది. పేరు రాయొద్దంది. అర ఎకరంలో కూరగాయలు పండిస్తుంది. టమాట, బెండ, వంకాయ. మా ఊరికి అంగడి నాలుగు కిలోమీటర్ల దూరం. వారానికి ఒక్కరోజే జరుగుతుంది.

మొదట్లో ఆమె అంగడికి పోయేది కాదు. బేరగాడు చేను దగ్గరికే వచ్చేవాడు. అతను చెప్పిందే ధర. "ఇస్తే ఇయ్యి, లేకుంటే చేనులోనే కుళ్లబెట్టుకో" అనేవాడు. ఆటోలో పోదామంటే మనిషికి ఒక లెక్క, గంపకు ఒక లెక్క. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. మంచిదే. కానీ మా ఊరికి బస్సు పొద్దున తొమ్మిదికి వస్తుంది. అంగడి ఆరింటికే మొదలవుతుంది. ఎండెక్కినాక వాడిపోయిన బెండకాయను ఎవరు కొంటారు?

ఇంట్లో కొడుకు సైకిల్ ఉంది. కొడుకు పట్నం పోయాడు. సైకిల్ గోడకు ఆనించి ఉంది. అక్క తొక్కడం నేర్చుకుంది. హ్యాండిల్‌కు రెండు సంచులు తగిలించుకొని అంగడికి బయలుదేరింది. మలుపు దగ్గర ఒక సంచి ఊగింది. ముందు చక్రం పుల్లల్లో పడింది. చక్రం ఆగింది. అక్క ఆగలేదు. మోచెయ్యి చిట్లింది. టమాటలన్నీ రోడ్డు పాలు.

తప్పు అక్కది కాదు. సంచి తగిలించిన చోటుది. హ్యాండిల్‌కు బరువు కడితే సైకిల్ మన మాట వినదు. మనం ఒకవైపు తిప్పితే బరువు ఇంకోవైపు లాగుతుంది. బరువు ఎప్పుడూ వెనక ఉండాలి. క్యారియర్‌కు రెండు పక్కలా సమానంగా ఉండాలి. గంపను క్యారియర్ మీద ఎత్తుగా కట్టినా ఇబ్బందే. బరువు ఎంత కిందికి ఉంటే సైకిల్ అంత నిలకడగా ఉంటుంది.

అందుకే జోడు సంచులు. పాత సామానుతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. నేను, అక్క కలిసి కుట్టాం. దారానికి 20 రూపాయలు ఖర్చయింది. మిగతావన్నీ ఇంట్లో, సైకిల్ షాపులో దొరికాయి.

ఏమేం కావాలి?

ఒకే కొలత ఉన్న రెండు పాత ప్లాస్టిక్ సంచులు. చక్కెర సంచి గాని, బియ్యం సంచి గాని అయితే మేలు. యూరియా సంచి కూడా పనికొస్తుంది. పాత నవారు నాలుగు మూరలు. సైకిల్ షాపులో పారేసిన ట్యూబు ఒకటి. అడిగితే ఊరికే ఇస్తారు. మంచినూనె ప్లాస్టిక్ డబ్బా ఖాళీది ఒకటో రెండో. వెదురు బద్దలు నాలుగు. దబ్బనం. నైలాన్ దారం.

దారం గురించి ఒక మాట. నేను మొదటి సంచిని పురికొసతో కుట్టాను. ఒక వానకు నాని, తర్వాత తెగింది. మళ్లీ అంతా విప్పి కుట్టాల్సి వచ్చింది. చేపల వలలకు వాడే నైలాన్ దారం దొరికితే అదే తీసుకోండి.

యూరియా సంచి వాడేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవండి. సంచిని తిరగేసి దులపాలి. ఒక రోజు నీళ్లలో నానబెట్టాలి. మూడుసార్లు కడగాలి. ఆ నీళ్లను పశువుల తొట్టి దగ్గర పోయొద్దు. యూరియా కలిసిన నీళ్లు తాగితే బర్రె గాని, ఆవు గాని చచ్చిపోవచ్చు. చెట్ల మొదట్లో పోయండి. కూరగాయలు పెట్టేటప్పుడు లోపల పాత చీర ముక్క పరవండి.

పురుగుమందు సంచి, పురుగుమందు డబ్బా మాత్రం ఎన్నిసార్లు కడిగినా వద్దు. తినే వస్తువుల దగ్గరికే రానియ్యొద్దు.

కత్తిరించడం, మడవడం

50 కిలోల సంచిని నేల మీద పరచండి. సుమారు నాలుగు జానల పొడవు, రెండున్నర జానల వెడల్పు ఉంటుంది. టేపు ఉంటే కొలిచి మీ నోటుపుస్తకంలో రాసుకోండి. నా జాన వేరు, మీ జాన వేరు. ఒక్కరి జానతోనే రెండు సంచులూ కొలవాలి. మేం ఒకటి నా జానతో, ఒకటి అక్క జానతో కొలిచాం. ఒక సంచి పొట్టి, ఒకటి పొడుగు అయ్యింది!

సంచి నోటివైపు ఒక జాన కత్తిరించండి. ఆ ముక్కను పారేయకండి. మూతకు పనికొస్తుంది. మూడు జానలు మిగిలాయి కదా. ఇప్పుడు నోటివైపు సగం బయటికి మడవండి. బియ్యం తీసుకునేటప్పుడు సంచి నోరు మడుస్తాం చూడండి, అట్లా. కత్తిరించిన అంచు సంచి అడుగుదాకా వస్తుంది. ఇప్పుడు సంచి ఎత్తు జానన్నర. చుట్టూ గుడ్డ రెండు పొరలు. బలం కూడా రెండింతలు.

కత్తిరించిన అంచు పోగులు పోగులుగా ఊడుతుంది. కొందరు మంటకు చూపించి అంచు కరిగిస్తారు. నాకు అది నచ్చదు. కరిగిన ప్లాస్టిక్ చేతి మీద పడితే చర్మానికి అంటుకుంటుంది. అంచును రెండు వేళ్ల వెడల్పు లోపలికి మడిచి కుట్టండి. అదే చాలు.

అడుగు ఇంకా కుట్టొద్దు. ముందు లోపల పెట్టాల్సినవి ఉన్నాయి.

వెన్ను పెట్టడం

ఇది అన్నింటికంటే ముఖ్యం. ఉత్త సంచి కడితే మెత్తగా వంగి చక్రంలోకి పోతుంది. అక్క పడ్డది అందుకే. చక్రం వైపు ఉండే పక్కకు గట్టి వెన్ను కావాలి.

నూనె డబ్బా పక్కలను కత్తిరించి పలక చేయండి. ఒక్క ముక్క చాలకపోతే రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి కుట్టండి. మూలలు గుండ్రంగా కత్తిరించండి. లేకపోతే అవే సంచిని చీలుస్తాయి. ఈ పలకను చక్రం వైపు రెండు పొరల నడుమ దూర్చండి. పైన మడత కింద ఒక వెదురు బద్దను అడ్డంగా పెట్టండి. అడుగున ఇంకో బద్ద పెట్టండి. పలక అటూ ఇటూ జరగకుండా రెండు పక్కలా నిలువుగా కుట్టు వేయండి. ఇప్పుడు బయటి పొర అంచును సంచి అడుగుతో కలిపి చుట్టూ కుట్టేయండి.

రెండో సంచి కూడా ఇట్లాగే చేయాలి.

సైకిల్‌కు కట్టడం

నవారును రెండు ముక్కలు చేయండి. ఒక్కో ముక్క క్యారియర్‌కు అడ్డంగా వేసినప్పుడు రెండు వైపులా ఒక్కో జాన ఎక్కువ ఉండాలి. సంచికి పై బద్ద కింద చీలిక చేయండి. నవారును అందులోంచి దూర్చి, బద్ద చుట్టూ తిప్పి, వెనక్కి మడిచి, గట్టిగా కుట్టండి. బరువు బద్ద మీద పడాలి, గుడ్డ మీద కాదు. రెండో కొసను రెండో సంచికి ఇట్లాగే కుట్టాలి. రెండు సంచులూ ఇప్పుడు జోడయ్యాయి. క్యారియర్ మీద వేస్తే చెరో పక్కన వేలాడతాయి.

వేలాడదీయడానికి ట్యూబు రబ్బరు వాడొద్దు. అది సాగుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా సంచి ఎగిరి పడుతుంది. రబ్బరు కింద కట్టుకు మంచిది. ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, సంచి కింది మూలలకు కుట్టండి. క్యారియర్ కాళ్లకు లాగి కట్టండి. అప్పుడు సంచి ఊగదు. కొసలు వేలాడకుండా కత్తిరించండి. వేలాడితే గొలుసులో పడతాయి.

బయలుదేరే ముందు సైకిల్‌ను స్టాండు వేసి చూడండి. పెడల్‌ను చేత్తో తిప్పండి. వెనక చక్రం ఎక్కడా రాసుకోకూడదు. సీటు మీద కూర్చొని, ఎవరినైనా పట్టుకోమని, తొక్కి చూడండి. మడమ సంచికి తగిలితే సంచిని కొంచెం వెనక్కి జరపండి. మరీ వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోతుంది. స్టాండు లేపినప్పుడు సంచికి తగులుతుందా, అది కూడా చూసుకోండి.

మిగిలిన ముక్క మూత. దాన్ని సగం చేస్తే రెండు సంచులకూ సరిపోతుంది. ఒక అంచు కుట్టి, ఇంకో అంచుకు తాడు పెడితే అయిపోయింది.

బరువు పెట్టడం

మొదటిరోజే నింపొద్దు. ఒక్కోవైపు 5 కిలోలు పెట్టి ఊళ్లోనే తిరగండి. తర్వాత కొంచెం కొంచెం పెంచండి. రెండు వైపులా సమానంగా ఉండాలి. అక్క తక్కెడలో తూచి మరీ పెడుతుంది. వంకాయ అడుగున, టమాట పైన. తక్కెడ బాట్లు ఒకవైపు పెడితే అంత బరువు కాయ రెండోవైపు పెట్టాలి.

బరువున్న సైకిల్ తొందరగా ఆగదు. కాబట్టి బ్రేకు ముందుగానే పట్టాలి. రెండు బ్రేకులూ పట్టాలి. బ్రేకు రబ్బర్లు అరిగితే ముందు అవి మార్చండి. సంచులు తర్వాత కట్టుకోవచ్చు. ఎత్తు వస్తే దిగి తోసుకుంటూ పోవడంలో సిగ్గేమీ లేదు. తెల్లవారుజామున పోయేవాళ్లు సంచి వెనకవైపు తెల్లగుడ్డ కుట్టుకోండి. వెనక ఎర్ర అద్దం పెట్టించుకుంటే ఇంకా మేలు. సంచి దాన్ని కప్పకూడదు.

ఆడది సైకిల్ మీద బరువేసుకొని పోతే నవ్వుతారని మా కేంద్రంలో ఒకరిద్దరు అన్నారు. వాళ్లకు నేను పుదుక్కోట్టై సంగతి చెప్పాను. అది తమిళనాడులో ఒక జిల్లా. అక్కడ 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పుడు షీలా రాణి చుంకత్ అనే ఆమె కలెక్టరు. చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిల్ కూడా నేర్పించారు. పొలం కూలీలు, క్వారీలో రాళ్లు కొట్టే వాళ్లు కూడా నేర్చుకున్నారు. మొదట్లో అక్కడా మగవాళ్లు వెక్కిరించారు. వేలమంది రోడ్డెక్కేసరికి ఎవరిని చూసి నవ్వాలో తెలియక ఊరుకున్నారు.

మా అక్క ఇప్పుడు ప్రతి వారం ఐదున్నరకే బయలుదేరుతుంది. అంగడి ధర నోటుపుస్తకంలో రాసుకుంటుంది. బేరగాడు ఇప్పటికీ వస్తాడు. అక్క పుస్తకం తీసి చూసి ధర చెబుతుంది. కుదిరితే ఇస్తుంది, లేకుంటే లేదు.

ఎంతకాలం వస్తాయి?

ప్లాస్టిక్ సంచికి ఎండే శత్రువు. ఎండలో ఉంటే నార పెళుసవుతుంది. ఇంటికి రాగానే సంచులు తీసి నీడలో వేయండి. గోటితో గీకితే పొడి రాలిందంటే ఆ సంచి పని అయిపోయినట్టే. పలకలు, బద్దలు, నవారు తీసి కొత్త సంచికి వాడుకోవచ్చు. నెలకోసారి రబ్బరు పట్టీలు లాగి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చండి. నవారు కుట్టు ఒక్క పోగు తెగినా ఆ రోజే కుట్టండి. రేపటికి వాయిదా వేస్తే అది రోడ్డు నడుమ తెగుతుంది.