పిడుగు గాజులో లోహపు పూసలు

ఇసుక మీద పిడుగు పడితే గాజవుతుందంటారు. అది నిజమే గాని, సగం నిజం. మెరుపు దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ కరగడానికి 1,700 డిగ్రీలు చాలు. విద్యుత్తు నేలలోకి దిగిన దారి పొడవునా ఇసుక కరుగుతుంది, నడుమనున్న గాలీ తేమా ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి, చివరికి ఒక బోలు గొట్టం మిగులుతుంది. దాని పేరు ఫల్గురైట్. ఉరుగ్వేలోని మాల్డొనాడో ఇసుక దిబ్బల్లో దొరికిన ఇలాంటి గొట్టాలను చార్లెస్ డార్విన్ వర్ణించాడు. ముక్కను చేతిలోకి తీసుకుంటే పైభాగం గరుకుగా తగులుతుంది, సగం కరిగిన ఇసుక రేణువులు ఇంకా దాన్ని పట్టుకునే ఉంటాయి. లోపలి గోడ మాత్రం నున్నగా మెరుస్తుంది, అక్కడక్కడా బుడగలు కనిపిస్తాయి.

ఆ మెరిసే భాగం చాలావరకు సిలికా గాజు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ లె షాటెలియే పేరిట దాన్ని లెషటెలియరైట్ అన్నారు. కరిగిన సిలికా చప్పున చల్లబడడంతో పరమాణువులు మళ్లీ వరుస కట్టలేకపోయాయి, కాబట్టి కచ్చితంగా మాట్లాడితే ఇది ఖనిజం కాదు. క్వార్ట్జ్ సాంద్రత 2.65 అయితే దీనిది 2.2 మాత్రమే. బంకమట్టి నేలలో పుట్టిన గాజులోకి అల్యూమినియం, ఇనుము, కాల్షియం కూడా చేరతాయి. ఇంతవరకు చూస్తే, నేలలో ఏముందో గాజులోనూ అదే ఉందనిపిస్తుంది. అయితే అసలు విషయం ఇంకొకటుంది: పిడుగు నేలను కరిగించి ఊరుకోదు, దాని నుంచి ఆక్సిజన్‌ను ఊడబెరుకుతుంది.

ఇందుకు సాక్ష్యం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, వైనన్స్ లేక్ దగ్గర దొరికింది. అక్కడి ఫల్గురైట్‌ను పరిశీలించిన పరిశోధకులు ఎసీన్, ఫిషర్ గాజు మధ్య సూక్ష్మమైన లోహపు పూసలను చూశారు. వాటిలో ఇనుము సిలికాన్‌తో కలిసి ఉంది, ఏ ఆక్సిజనూ అంటని సిలికాన్ కూడా ఉంది. 1986లో ఈ సంగతి ప్రచురించారు. సిలికా నుంచి సిలికాన్‌ను విడదీయడం ఎంత కష్టమో సిలికాన్ పరిశ్రమలో ఉన్నవారికి తెలుసు. బొగ్గు కలిపి, విద్యుత్ ఆర్క్ కొలిమిలో 2,000 డిగ్రీల చుట్టుపక్కల కాల్చాలి. అదే పనిని మెరుపు క్షణాల్లో చేసేసింది. ఇది మెరుపు ఘనత కాదు, నేలలోని చెట్ల వేళ్ల కార్బన్ ఘనత అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో బలముంది. ఈజిప్టు నైరుతి ఎడారిలో దొరికిన ఒక ఫల్గురైట్ బుడగల్లో సుమారు 15,000 ఏళ్ల కిందటి కార్బన్ డయాక్సైడ్ చిక్కుకుని ఉంది, అంటే అప్పటి మొక్కల కార్బన్ ఆక్సిజన్‌ను పట్టుకుపోయిందన్నమాట. కానీ వేళ్లు నేలలో ఎప్పుడూ ఉన్నవే, ఊరికే పడివుంటే అవి ఇసుకను లోహంగా మార్చవు. కార్బన్ పనిముట్టు, దాన్ని కదిలించిన చేయి మెరుపుదే.

భాస్వరం విషయంలో ఈ వాదం ఇంకా బరువెక్కుతుంది. జీవానికి అత్యవసరమైన ఈ మూలకం రాళ్లలో నీట కరగని ఫాస్ఫేట్‌గా బంధించి ఉంటుంది. 2009లో పరిశోధకులు పాసెక్, బ్లాక్ 10 ఫల్గురైట్లను పరీక్షించగా సగంలో ఫాస్ఫైట్ కనిపించింది, అంటే భాస్వరం కొంత ఆక్సిజన్‌ను కోల్పోయింది. మిగతా సగంలో అది లేకపోవడాన్ని దాచిపెట్టనక్కర్లేదు, నేలను బట్టి ఫలితం మారుతుందని అదే చెబుతోంది. ఇల్లినాయిలోని గ్లెన్ ఎలిన్‌లో 2016లో బంకమట్టిలో ఏర్పడిన ఫల్గురైట్‌లో ష్రైబర్‌సైట్ దొరికింది. ఇనుము, భాస్వరం కలిసిన ఈ ఖనిజం ఉల్కల్లో మామూలే, నేల మీద అరుదు. ఇది నీటితో చర్య జరిపి భాస్వరాన్ని వదులుతుంది. తొలినాటి భూమికి కావలసిన భాస్వరాన్ని ఉల్కలే ఇచ్చి ఉండవచ్చు కదా, పిడుగు దేనికి అనే అభ్యంతరం ఇక్కడ వస్తుంది. ఉల్కల వాన కాలం గడిచేకొద్దీ తగ్గింది, మెరుపులు ఆగలేదు. గ్లెన్ ఎలిన్ ముక్కను పరిశీలించిన హెస్, ఆయన సహచరులు 2021లో వేసిన లెక్క ప్రకారం ఆనాడు ఏటా 100 నుంచి 500 కోట్ల మెరుపులు మెరిసి ఉండవచ్చు. ఆ లెక్క నాటి వాతావరణం మీద, ఎంత నేల బయటపడి ఉందన్న ఊహ మీద ఆధారపడింది, రేపు మారవచ్చు. గాజులోని ష్రైబర్‌సైట్ గింజ మాత్రం ఏ ఊహ మీదా ఆధారపడలేదు.